టాంకు మూత దగ్గరి మనిషి

ఆయన ఇంటికి రాగానే మొదట చేసే పని చేతులు కడుక్కోవడం. ఒకసారి ఒంటి సబ్బుతో, ఒకసారి గిన్నెలు తోమే సబ్బుతో, మళ్ళీ ఒంటి సబ్బుతో. అయినా వాసన పోదు. విమానంలో పోసే ఇంధనం కిరసనాయిలుకు దగ్గర చుట్టం. గోళ్ళ చివర్లలో, చెవుల వెనక నక్కి కూర్చుంటుంది. పెళ్ళైన కొత్తలో ఆమె తలగడ గలీబులను వేడినీళ్ళలో ఉడకబెట్టి చూసింది. తర్వాత ఆ వాసనకు అలవాటు పడిపోయింది. అలవాటు పడలేనిది ఆయన మౌనానికి.

"ఇవాళ ఏం చేశారు?"

"ఏముంది, మామూలే."

"ఎవరితోనైనా మాటా మాటా వచ్చిందా?"

"ఊఁహూఁ."

"ఇంకొంచెం వడ్డించనా?"

"ఊఁ."

ఈ ఊఁ, ఊఁహూఁల మధ్యే పాప పుట్టి, నడక నేర్చి, బడికి వెళ్ళే వయసుకు వచ్చింది. కొందరు మగవాళ్ళు అంతే, నోట్లో నాలుక లేని రకం అని ఆమె సరిపెట్టుకుంది. తాగడు, అరవడు, జీతం తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. ఇంకేం కావాలి అని అక్క ఫోనులో అడుగుతుండేది.

ఆయన పని విమానాల రెక్కల్లో. ఇంధనం రెక్కల లోపలే ఉంటుందనీ, రెక్కే టాంకనీ పెళ్ళయ్యేదాకా ఆమెకూ తెలియదు. ఆ టాంకు కారితే లోపలికి దూరి, కారేచోటు వెతికి, మూసి వచ్చే పని ఆయనది. సన్నటి మనిషి, ఇరుకు భుజాలు. షెడ్డులో అందరూ ఆయన్ని ఉడత అంటారు.

షెడ్డులో పనిచేసేవాళ్ళ కుటుంబాలను ఏడాదికోసారి లోపలికి రానిస్తారు. అన్నేళ్ళలో ఎప్పుడూ వెళ్ళని ఆమె ఆ ఆదివారం పాప గొడవ పడలేక వెళ్ళింది. అంత పెద్ద కప్పు కింద మూడు విమానాలు, కడిగి బోర్లించిన గిన్నెల్లా శుభ్రంగా ఉన్నాయి. నేల మీద ఒక్క నూనె చుక్క లేదు. తన వంటగది గుర్తొచ్చి ఆమెకు ఆ చోటు నచ్చింది.

"ఇదిగో, ఈ తడి చూడు," అన్నాడాయన పాపను రెక్క కిందికి తీసుకెళ్ళి. "ఇక్కడ తడిగా ఉంది కాబట్టి ఇక్కడే చిల్లు ఉందనుకుంటావు కదూ? కాదు. లోపల ఎక్కడో కారుతుంది. సందుల వెంట పాకుతూ పాకుతూ వచ్చి, దారి దొరికిన చోట బయటపడుతుంది. ఇది దొంగ తడి. దీన్ని ముందు తుడిచెయ్యాలి. బాగా ఆరనివ్వాలి. తర్వాత పౌడరు చల్లి కూర్చోవాలి."

"నేను రాసుకునే పౌడరా?"

"అలాంటిదే. పౌడరు ఎక్కడ ముందు నల్లబడితే అక్కడ బయటికి వస్తోందన్నమాట. కాసేపాగి ఆ నలుపు ఎంత పాకిందో కొలవాలి. గుండీ అంత ఉంటే విమానం ఎగరొచ్చు, కన్నేసి ఉంచితే చాలు. అరచెయ్యంత అయితే ఆలోచించాలి. చుక్కలు చుక్కలుగా రాలుతోందా, ఇక కదలకూడదు."

ఆమె పాపను వదిలేసి ఆయన మొహం చూస్తూ నిలబడింది. ఇన్ని మాటలా? ఒక్క ఊపిరిలో?

"ఉడతా! వచ్చేశారా మీవాళ్ళు?"

ఆ గొంతుకు కప్పు మీది పావురాలు లేచాయి. రెక్క అవతలి నుంచి ఒక ఆడమనిషి వస్తోంది. తన ఈడుదే అయి ఉంటుంది. కొంచెం లావు. జుట్టు బిగించి ముడి వేసుకుంది. గోళ్ళు పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. నవ్వితే చిగుళ్ళు కనిపిస్తున్నాయి. ఆ చిగుళ్ళు చూసి ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఈవిడే సైరన్," అన్నాడాయన, ఇంట్లో ఇంతకుముందే వంద సార్లు చెప్పినట్టు. "నేను లోపలికి వెళ్తే ఈవిడ మూత దగ్గర కూర్చుంటుంది. లోపల మనిషి ఉన్నంతసేపూ బయట ఒకరు కదలకుండా కూర్చుని మాట్లాడుతూనే ఉండాలి. అది రూలు. మాస్కులో మైకు ఉంటుంది."

"రోజంతానా?" అంది ఆమె.

"లోపల ఎంతసేపుంటే అంతసేపు. ఒక్కోసారి రోజంతా."

సైరన్ అప్పటికే ఆమె చెయ్యి పట్టేసుకుంది. "చెల్లెమ్మా, మిమ్మల్ని చూడటం ఇదే మొదలు గానీ, నాకు మీరు బాగా తెలుసు. నడి ఎండాకాలంలో కూడా సాక్సులు వేసుకుని పడుకుంటారటగా! బల్లి కనబడితే స్టూలెక్కుతారట, ఎక్కాక అది ఉన్నది గోడ మీద కదా అని గుర్తొచ్చి దిగుతారట!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పాప కూడా నవ్వింది. ఆమె కూడా నవ్వినట్టు పళ్ళు బయటపెట్టింది.

లోపల మాత్రం చుట్టరికం లెక్క వేస్తోంది. వదినా అని పిలిచి ఉంటే ఆయన ఆ మనిషికి అన్నయ్య అయ్యేవాడు, సగం బాధ తీరేది. చెల్లెమ్మా అంటే ఆయన ఏమవుతాడు? మరిది. వేళాకోళాలాడుకునే వరస. పిలుపులో కూడా ఎంత తెలివి!

"ఇదేనా ఆ పాప?" సైరన్ వంగి పిల్ల గడ్డం పట్టుకుంది. "నువ్వు పుట్టిన రోజున మీ నాన్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపట. రుమాలు లేక చొక్కా కొసతో ముక్కు తుడుచుకున్నాడట. ఆ చొక్కాతో లోపలికెలా వెళ్ళడం అని అక్కడే ఆరబెట్టుకున్నాడట!"

మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. ఆయన చాలా ఆలస్యంగా గదిలోకి వచ్చాడు. పొడి మొహంతో వచ్చి, మంచం పక్కన నిలబడి, "ఏమైనా తిన్నావా?" అని మాత్రం అడిగాడు. ఆడపిల్ల అని కాబోలు అనుకుంది అప్పుడు. ఆ అనుమానాన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా మోసింది. ఆ ఏడుపు తనది. తన కోసం, తన పిల్ల కోసం ఏడ్చిన ఏడుపు. దాన్ని ఆయన తీసుకెళ్ళి చిగుళ్ళు కనబడేలా నవ్వే ఈ మనిషికి ఇచ్చాడు.

ఆమె ఇంటికి వచ్చాక, ఆయన చేతులు కడుక్కుంటుండగా పెరటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"నా సాక్సుల సంగతి ఆవిడకెందుకు?"

"అడిగింది, చెప్పాను."

"అడిగితే చెప్పేస్తారా? నేను రోజూ అడుగుతున్నాను, నాకేం చెప్పారు?"

"నీకు చెప్పడానికేముంది, నీకు తెలిసినవేగా." ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆవిడకు మతిమరుపు. అడిగిందే అడుగుతుంది, నేను చెప్పిందే చెప్తాను. లోపల పొద్దు పోవాలిగా."

"మతిమరుపు మనిషికి నా సాక్సులు గుర్తున్నాయి. మీ చొక్కా కొస కూడా గుర్తుంది."

ఆయన నురగతో నిండిన చేతులను మరోసారి తోముకున్నాడు.

అక్కకు ఫోను చేసింది. అక్క విన్నంతసేపూ విని, "ఇంతకీ నీ మొగుడు చేసిందేమిటే? రెక్కలో దూరి ఉన్నాడు. ఆవిడ బయట కూర్చుంది. మధ్యలో రేకు గోడ. నేనైతే నిశ్చింతగా పడుకుంటాను," అంది.

"ఆ గోడ ఉంది కాబట్టే మాట్లాడుతున్నారక్కా. ఎదురుగా మొహం లేకపోతే ఈయనకు మాటలు వస్తాయి."

"అయితే నువ్వూ బాత్రూం తలుపు అవతల నిలబడి మాట్లాడించు."

అక్క వేళాకోళానికి అన్న మాటే గానీ, ఆమె ఆ పని కూడా చేసింది. మర్నాడు పొద్దున ఆయన స్నానం చేస్తుంటే తలుపు దగ్గర నిలబడి, "పెళ్ళైన కొత్తలో మనం అద్దెకున్న గది గుర్తుందా?" అంది. లోపల నీళ్ళు ఆగాయి. "తువ్వాలు ఇక్కడే ఉంది, అక్కర్లేదు," అన్నాడాయన.

ఇక ఆమెకు వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా అదే ధ్యాస. ఇప్పుడు ఏం చెబుతున్నాడో. నిన్న మాడిన గిన్నె సంగతి ఈపాటికి అక్కడికి చేరి ఉంటుంది. ఇంట్లో ఏం జరిగినా అది జరిగీ జరగగానే సైరన్ చెవిలో పడుతుందనిపించి, గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించసాగింది.

వారం తిరగకుండా తేల్చేసింది. పాప పడుకున్నాక కాదు, ముందే, ఆయన కంచం ముందు కూర్చోగానే చెయ్యి చాపింది.

"మాటివ్వండి. మన ఇంటి సంగతులు ఇక ఆవిడకు చెప్పనని."

"ఆవిడ అడుగుతుందే."

"అడిగితే అబద్ధం చెప్పండి. నోటికేదొస్తే అది. మీ కబుర్లు మీరు చెప్పుకోండి, నేను కాదనను. మన ఇల్లు మాత్రం వద్దు."

ఆయన ఆ చేతిని చూశాడు, కంచాన్ని చూశాడు. చివరికి చేతిలో చెయ్యి వేశాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు.

తర్వాత ఆయన చెప్పిందీ, నలుగురూ చెప్పిందీ కలిపితే జరిగింది ఇది.

ఒక విమానం, దిగాల్సిన ఊరు వదిలేసి ఇక్కడ దిగింది. గాల్లో ఉండగా ఎడమ రెక్కలోని ఇంధనం ఇంజను తాగేదానికంటే వేగంగా తగ్గుతోందని పైలట్లు కనిపెట్టారు. బయల్దేరేటప్పుడు పోసిందెంత, ఇంజన్లు తాగిందెంత, మిగిలిందెంత అని చూసుకుంటే పొంతన కుదరలేదు. అలాంటప్పుడు కంగారులో చేసే తప్పొకటి ఉంది. రెండువైపులా సమానం చేద్దామని కుడి టాంకునూ ఎడమ టాంకునూ కలిపే కవాటం తెరవడం. తెరిస్తే మంచి టాంకులోది కూడా చిల్లు దారిన పోతుంది. వాళ్ళు తెరవలేదు. దగ్గర్లో ఉన్న విమానాశ్రయంలో దించేశారు. ప్రయాణికులు హాలులో కూర్చున్నారు. సాయంత్రానికి విమానం బయల్దేరి తీరాలని పైనుంచి కబురు వచ్చింది.

టాంకు ఖాళీ చేశారు. లోపలి ఆవిరి పోయేలా గాలి కొట్టారు. ఆవిరి ఎంత మిగిలిందో మీటరు పెట్టి చూశారు. ఆయన నూలు బట్టలు వేసుకుని, గాలి గొట్టం తగిలించిన మాస్కు పెట్టుకుని లోపలికి దూరాడు. ఒక బోల్టు తల చుట్టూ కారకుండా పూసిన పాత సీలెంటు బీటలు వారి ఉంది. దొంగ ఇక్కడే దొరికింది. పాతది గీకేసి కొత్తది పూయాలి. రెండు డబ్బాల్లోది కలిపితే ముద్ద అవుతుంది. కలిపాక ఎక్కువసేపు ఆగదు, గిన్నెలోనే గట్టిపడిపోతుంది. ఆ ముద్ద కలిపి లోపలికి అందించారు.

మూత దగ్గర సైరన్ కూర్చుంది. ఆమె పక్కన షెడ్డు మేనేజరు, గడియారం చూసుకుంటూ.

"ఉడతా, ఎలా ఉంది?"

"బాగుంది. పూయబోతున్నాను."

"సరేగానీ, పెళ్ళయ్యాక మీ ఆవిడకు మొట్టమొదట ఏం కొన్నానన్నావు?"

ఎన్నోసార్లు చెప్పిన సంగతే. ఆయన నోటి చివరిదాకా వచ్చింది కూడా. అంతలో కంచం మీదుగా చాచిన చెయ్యి గుర్తొచ్చింది.

"గడియారం," అన్నాడు.

సైరన్ మైకు దగ్గరికి వంగింది.

"ఏంటీ?"

"గడియారమే. చేతి గడియారం. బంగారు రంగుది." అబద్ధం బాగానే కుదిరిందని ఆయనకు కాస్త గర్వంగా కూడా అనిపించిందట.

"మనిషిని తియ్యండి!" అని సైరన్ అరిచిన అరుపు షెడ్డు అవతలి గేటు దాకా వినిపించింది. మేనేజరు ఆమె చెవి పక్కనే అరిచాడు, "ముద్ద కలిపేసి ఉంది, పూసేసి వస్తాడు, ఒక్క నిమిషం!" ఆమె వినలేదు. ఆయన నడుముకు కట్టిన తాడు లాగింది. ఇద్దరు పరుగెత్తుకొచ్చి ఆయన్ని కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చారు. "నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నాను," అన్నాడాయన. ఆవిరి తలకెక్కిన ప్రతివాడూ అనేది అదేనట. స్ట్రెచరు మీద పడుకోబెట్టి తీసుకుపోయారు. లోపల గిన్నెలో సీలెంటు రాయి అయిపోయింది. విమానం ఆ సాయంత్రం కదల్లేదు.

ఆయన ఇంటికి వచ్చి, ఆ రోజు చేతులు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"అవన్నీ పరీక్షలట," అన్నాడు. "బాగున్నావా అంటే మత్తెక్కినవాడు కూడా బాగున్నానంటాడు. అందుకని ఆవిడ జవాబు తెలిసిన ప్రశ్నలే అడుగుతుందట. తప్పు చెబితే లాగేస్తుంది. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. కొందరు పాట పాడిస్తారు, కొందరు అంకెలు వెనక్కి చెప్పిస్తారు. ఆవిడది ఇంటి సంగతులు. ముందే చెబితే మేం జాగ్రత్త పడతామని చెప్పలేదట."

ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ నా కబుర్లంటే ఆవిడకు ఇష్టమనుకున్నాను," అన్నాడు.

జాలి పడబోయిన ఆమె ఆ మాటతో ఆగిపోయింది. ఉద్యోగం మీదికి వచ్చి కూర్చుంటే, ఈయన బాధ ఇదా?

"ఇప్పుడేమవుతుంది?" అంది పొడిగా.

"విచారణ. రక్తంలో ఏమీ కనబడలేదు, కానీ ఆ మత్తు బయటి గాలికి దిగిపోతుంది కాబట్టి అది రుజువు కాదట. నాకు ఆవిరి పడట్లేదని తేలితే ఇక టాంకులోకి రానివ్వరు. బయట నిచ్చెనలు మోసుకోవాలి." ఆయన తన అరచేతుల్ని చూసుకున్నాడు. "సేఫ్టీ ఆఫీసరు నిన్ను రమ్మన్నాడు. నిజానికి ఏం కొన్నానో నిన్ను అడుగుతాడట. నేనేమీ చెప్పలేదు. నీ మాట నేనెలా బయటపెడతాను?"

"నన్నేం చెప్పమంటారు?"

"నీ ఇష్టం."

అక్కకైతే ఏ సందేహమూ లేదు. "గడియారమని చెప్పవే! మీ ఆయన సరిగ్గానే చెప్పినట్టవుతుంది, ఆయన పని ఆయనకుంటుంది. తప్పు విన్నది ఆ సైరన్ అవుతుంది, వట్టిపుణ్యానికి విమానం ఆపినందుకు దాన్ని అక్కణ్ణుంచి లేపేస్తారు. నీకు కావలసిందీ అదేగా. ఒక్క మాట. గడియారం."

ఆఫీసరు గది చిన్నది. బల్ల మీద ఒక మాస్కు, గాలి గొట్టం పెట్టి ఉన్నాయి. ఆఫీసరు మెత్తటి మనిషి, కళ్ళజోడు పదే పదే తుడుచుకుంటున్నాడు. ఆమె భర్త ఒక కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు. సైరన్ కిటికీ పక్కన కూర్చుంది. ఆ రోజు నవ్వు లేదు కాబట్టి చిగుళ్ళూ లేవు. నవ్వకపోతే బాగానే ఉంటుంది మనిషి, అని ఆమె ఒప్పుకోవలసి వచ్చింది.

"ఆయన మరిచిపోయి ఉండొచ్చు కదమ్మా?" ఆఫీసరు సైరన్‌ను అడుగుతున్నాడు.

"మరిచిపోయినా లాగుతాను సార్. ఎందుకు మరిచిపోయాడో బయటికి వచ్చాక చూసుకుందాం."

"మేనేజరు ఒక్క నిమిషం ఆగమన్నారట."

"అన్నారేమో. నా చెవి అటువైపు లేదు."

ఆ మాట ఆమెకు సూదిలా గుచ్చుకుంది. తన చెవి ఎటువైపు ఉందో ఎప్పుడైనా చూసుకుందా? తనకు ఊఁ అన్నా ఊఁహూఁ అన్నా ఒకటే. ఒక్క మాట తేడా వస్తే ఇంత పెద్ద విమానాన్ని ఆపేంతగా ఆయన్ని విన్నది తను కాదు, ఈ మనిషి. గౌరవించాల్సిన చోట కూడా ఆమెకు ముందు కుళ్ళే పుట్టింది.

"ఇక మీరు చెప్పండమ్మా," ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "ఇది మీ ఇంటి సంగతి కాబట్టి మీ మాటే ఆధారం. పెళ్ళయ్యాక ఈయన మీకు మొదట కొన్నదేమిటి?"

గడియారం. మాట నాలుక మీద సిద్ధంగా ఉంది.

ఆయన తల ఎత్తలేదు. సైరన్ మాత్రం ఆమెనే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయమూ లేదు. తనకు జవాబు తెలుసు. అంతే.

అదే ఆమె భరించలేకపోయింది. నిజానికి ఆయన కొన్నది గొడుగు. ఆ రోజు వాన. ఇద్దరూ ఒక దుకాణం చూరు కింద ఇరుక్కుని నిలబడ్డారు. ఆయన ఉన్నట్టుండి లోపలికి వెళ్ళి ఊదారంగు గొడుగు పట్టుకొచ్చాడు. వీధి మలుపు తిరిగేసరికి గాలికి అది తిరగబడి గిన్నెలా ఆకాశం వైపు నోరు తెరిచింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఆయన ఆ విరిగిన గొడుగును ఆమె తల మీద అలాగే పట్టుకుని ఇంటిదాకా నడిచాడు, తీసేస్తే ఆమె చిన్నబుచ్చుకుంటుందేమోనని. ఇప్పుడు తను గడియారమంటే ఆ గొడుగు లేదన్నట్టే. ఆ వాన లేదు, ఆ నడక లేదు. ఈ ప్రపంచంలో ఆ గొడుగు ఉందని తెలిసి, దాన్ని నిజమని నమ్మే మనిషి ఇక ఒక్కతే మిగులుతుంది. కిటికీ పక్కన కూర్చున్న ఈవిడ. తన గొడుగును తన చేత్తో ఈవిడకు రాసిచ్చినట్టే.

"గొడుగు," అంది ఆమె. "ఊదారంగు గొడుగు."

ఆయన భుజాలు కిందికి జారాయి. ఆఫీసరు నిట్టూర్చి కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అంటే ఆయన తప్పే చెప్పారు. మరి ఇక…"

"తప్పు చెప్పలేదండీ, అబద్ధం చెప్పారు. రెండూ ఒకటి కాదు. నేనే చెప్పమన్నాను. చేతిలో చెయ్యి వేయించుకున్నాను."

"మీరా? ఎందుకమ్మా?"

తప్పించుకోవడానికి నాలుగైదు మర్యాదైన మాటలు దొరికాయి. అవేవీ సరిగ్గా సరిపోవు.

"కుళ్ళు," అంది. "ఇంట్లో నోరు విప్పని మనిషి ఈవిడతో రోజంతా మాట్లాడుతున్నారని."

ఆఫీసరు ఉద్యోగ జీవితంలో ఇలాంటి కారణం వచ్చి ఉండదు. ఆమెను, ఆమె భర్తను, బల్ల మీది మాస్కునూ మార్చి మార్చి చూశాడు. ఆమె తల దించలేదు.

"సరే," అన్నాడు చివరికి. "ఒంట్లో తేడా లేదని నేను నమ్ముతున్నాను. టాంకులోకి వెళ్ళొచ్చు. కానీ చూడవయ్యా, లోపల కూర్చుని అబద్ధాలాడితే రెండోసారి క్షమించను. విమానం ఆపినందుకు ఈవిడ మీద కూడా ఏమీ ఉండదు."

"సార్," అంది సైరన్. "ఈయనకు నేనిక కూర్చోను."

ఆయన తల ఒక్కసారిగా లేచింది.

"కోపంతో కాదు సార్. ఈయన మాట నాకిక పనికిరాదు. తప్పు చెబితే, ఇది మత్తా, ఇంట్లో ఇచ్చిన మాటా అని నేను ఆలోచించుకుంటూ కూర్చుంటాను. నేను ఆలోచించేలోపు లోపలి మనిషి పోతాడు. వేరేవాళ్ళను వెయ్యండి. మన గుర్రుగాడు ఖాళీగానే ఉన్నాడు."

గుర్రుగాడికి ఆ పేరెందుకు వచ్చిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సైరన్ లేచి బయటికి వెళ్ళిపోయింది. కోరుకున్నది దక్కింది. అబద్ధం కూడా ఆడకుండానే దక్కింది. ఆమె భర్త వైపు చూసింది. చేతిలోని ఆటవస్తువు లాక్కుంటే పాప పెట్టే మొహం పెట్టుకుని ఉన్నాడు. ఆ మొహం చూసి ఒళ్ళు మండింది. మండుతుండగానే లేచి, "ఇక్కడే ఉండండి," అని సైరన్ వెనకాల వెళ్ళింది.

షెడ్డు గోడ పక్కన నీళ్ళ కుళాయి దగ్గర సైరన్ మొహం కడుక్కుంటోంది.

"ఆయనకు మీరే కూర్చోవాలండీ," అంది ఆమె.

"మీకు ఇష్టం లేదుగా."

"లేదు. ఇప్పుడూ లేదు. అయినా మీరే కూర్చోవాలి. గుర్రుగాడు గడియారమన్నా ఊఁ అంటాడు, గొడుగన్నా ఊఁ అంటాడు."

సైరన్ కొంగు లాంటిది దొరక్క చేతులతోనే మొహం తుడుచుకుంది. "అడగడానికి నా దగ్గర ఏం మిగిలింది చెల్లెమ్మా? నేను అడిగేవన్నీ పరీక్షలని ఆయనకు తెలిసిపోయింది. ఇక జాగ్రత్తగా చెప్తాడు. అప్పజెప్పే పాఠం మత్తులో కూడా వస్తుంది."

"నేను చెప్తాను. నేను చెప్పానని ఆయనకు తెలియనివ్వకండి."

సైరన్ చేతులు ఆగాయి. ఆమె కుళాయి కట్టేసి వచ్చి గట్టు మీద కూర్చుంది. ఇప్పుడామె చెవి ఇటువైపు ఉంది. అలా వింటే ఎవరైనా చెప్పేస్తారు, అనుకుంది ఆమె మరోసారి కుళ్ళుకుంటూ.

"ఇప్పుడున్న ఇంట్లోకి మారినప్పుడు మంచం మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. ఎత్తడానికి మేమిద్దరమే ఉన్నాం. ముందు వైపు పట్టుకున్నది ఎవరు అని అడగండి."

"ఎవరు?"

"నేను. వెనక్కి నడుస్తూ, మెట్టు మెట్టు చూసుకుంటూ ఎక్కించింది నేను. ఆయన కింద నిలబడి పట్టుకున్నారు."

"సరే. 'మా ఆవిడ' అనాలి."

"కాదు." ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. "ఆయన 'నేనే పట్టుకున్నాను' అంటారు. అప్పటినుంచీ ఇప్పటిదాకా అదే మాట. ఎన్నిసార్లు సరిదిద్దానో! ఒట్టేసి చెబుతారు, అంతగా నమ్మేశారు. ఒంట్లో తెలివి ఉన్నంతసేపూ ఆయనకు ఆ జవాబే వస్తుంది. ఎప్పుడైనా 'మా ఆవిడే పట్టుకుంది' అన్నారంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకండి. లాగెయ్యండి."

సైరన్ పగలబడి నవ్వింది. కప్పు మీది పావురాలు మళ్ళీ లేచాయి. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ, "నాకీ సంగతి ఎప్పుడూ చెప్పనేలేదే ఆయన!" అంది.

"చెప్పరు," అంది ఆమె. "ఇది ఆయనకు తెలియదుగా."

ఆ మాట అన్నప్పుడు గుండెల్లో చల్లగా అనిపించింది. ఆయన్ని పనికి పంపి, గేటు దాటి, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చునేదాకా ఆ చల్లదనం అలాగే ఉంది. బస్సు కదిలాక గానీ తెలిసిరాలేదు, ఆ మనిషి ఇక రోజూ ఆ మంచం సంగతి అడుగుతుందని, ఆయన రోజూ ఆవిడతో ఆ మెట్లెక్కుతాడని. ఇంకేదైనా చెప్పి ఉండాల్సింది.